గరాజులో సవతి

ఇంగ్లండు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆవిడ బాధ ఆవిడ మాటల్లోనే వినండి.

"మావారు రెండేళ్ళ కిందట 1972 నాటి ఎం.జి.బి. అనే పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్ర రంగు, గుడ్డ టాపు, రెండే సీట్లు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఆయన స్నేహితులు నలుగురు చేరతారు. ఎత్తిన బానెట్ చీకటి పడేదాకా దించరు. ఇంతా చేస్తే ఆ కారు పది మైళ్ళు పోయి ఆగిపోతుంది. ఓ అరగంట ఊరుకుంటే దానంతటదే మళ్ళీ స్టార్టవుతుంది. ఇప్పుడు ఏడేళ్ళ మా బాబును పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతానంటున్నారు. ఇంత పాత కారుకు ఇక్కడ ఏటేటా పరీక్ష కూడా అక్కర్లేదట! ఇది కారో, గరాజులో కాపురం పెట్టిన సవతో తెలియడం లేదు. అమ్మేయమని పట్టుపట్టనా?"

పట్టుపట్టకండి, అప్పుడే వద్దు. అలాగని "మగవాళ్ళ సరదా, మనకెందుకులే" అని ఊరుకోవడమూ వద్దు. మీరు రెండు భయాలను కలిపేశారు. కారు దారిలో ఆగిపోవడం ఒకటి, బాబును ఎక్కించడం ఒకటి. ఆగిపోవడం చికాకే గాని ప్రాణం మీదికి వచ్చే సంగతి కాదు. నన్నడిగితే, ఆగిపోయే కారుకంటే ఆగాల్సిన చోట ఆగని కారుకు భయపడాలి.

ముందు ఆ సవతి పుట్టుపూర్వోత్తరాలు చెబుతాను. ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో కార్లు అమ్ముతూ, బాగుచేస్తూ ఉండిన దుకాణం పేరది. ఎం.జి.బి. 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డుకు దగ్గర్లోని ఆబింగ్డన్‌లో 1980 దాకా తయారైంది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా చేశారు. ధనవంతుల బొమ్మ కాదది, మధ్యతరగతి కుర్రకారు కొనుక్కునే సరదా బండి. అందుకే దానికి ఇప్పటికీ సామాను దొరుకుతుంది. పాత అచ్చులతోనే మొత్తం బాడీని కొత్తగా కొట్టి అమ్మడం కూడా 1988లో మొదలుపెట్టారు. పాత కార్లలో ఈ అదృష్టం అన్నిటికీ లేదు.

హైదరాబాదులోనో రాజమండ్రిలోనో కూర్చుని చదువుతున్నవాళ్ళు, "మాకెందుకమ్మా ఈ దొరల కారు గొడవ" అనుకుంటున్నారేమో. మన అంబాసిడర్ ఉంది చూశారూ, 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన కారు, దానిలో చాలా ఏళ్ళు వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ, ఈ ఎర్ర కారులోని 1798 సి.సి. ఇంజనూ ఒకే వంశం. బి సిరీస్ అంటారు. అక్క పెళ్ళిళ్ళకూ ఆఫీసులకూ తిరిగింది, చెల్లెలు గుడ్డ టాపు దించుకుని షికార్లు కొట్టింది, అంతే తేడా. మీ మామగారి పాత కారు షెడ్డులో మూలుగుతూ ఉంటే ఈ మాటల్లో సగం దానికీ పనికొస్తాయి.

సరే, పరీక్ష సంగతి. బ్రిటన్‌లో 2018 మే నెల నుంచి, తయారై 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఏటేటా చేయించే ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. చివరి ఎం.జి.బి. 1980లో వచ్చింది కాబట్టి ఇప్పుడు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అయితే పరీక్ష అక్కర్లేదన్నారు గాని బండి బాగుండనక్కర్లేదని ఎవరూ అనలేదు. రోడ్డు మీదికి తెచ్చే బండి నడపడానికి తగినట్టు ఉండాల్సిన బాధ్యత నడిపేవారిదే. కోరి పరీక్ష చేయించుకోవచ్చు కూడా. మీరు పట్టుపట్టాల్సిందల్లా దీనికి. "అమ్మేయండి" అంటే గొడవవుతుంది. "బాబు ఎక్కేముందు ఒక్కసారి ఎం.ఓ.టి. చేయించండి" అంటే ఏ తండ్రీ కాదనలేడు.

ఈలోగా మీరు స్వయంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మెకానిక్కు కానక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, గడప. అవును, ఈ కారుకూ గడపలున్నాయి. రెండు పక్కలా తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే ఇనుప పెట్టెలాంటి భాగం. లారీకి ఉన్నట్టు దీనికి వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. అందులోనూ పైకప్పు ఇనుముది కాదు కాబట్టి భారమంతా ఈ గడపల మీదే పడుతుంది. చలికాలంలో అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు గడపల లోపల చేరి లోపలినుంచే తినేస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పుచ్చు వంకాయ.

ఎలా కనిపెట్టాలి? మీ ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ అయస్కాంతం ఒకటి తీసుకోండి. రంగు గీసుకుపోకుండా పల్చని గుడ్డ చుట్టి, గడప పొడుగునా, చక్రాల పైనుండే మడ్గార్డుల అడుగునా ఆనించి చూస్తూ వెళ్ళండి. ఇనుమున్న చోట పట్టుకుంటుంది. ఎక్కడైనా జారిపోతే అక్కడ ఇనుము లేదు, లప్పం పూసి రంగేశారన్నమాట. గోడ పగుళ్ళకు లప్పం పెట్టి సున్నం వేసి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు మనకు తెలియనివాళ్ళా!

ఇంకో పరీక్ష మీవారి చేతనే చేయించండి. ఒక పక్క జాకీ ఎత్తుతున్నప్పుడు ఆ పక్క తలుపుకూ బాడీకీ మధ్య సందు చూడండి. సందు సన్నబడిపోయినా, తలుపు తెరిచి మూస్తే పట్టేసినా, గడపలో బలం లేదని అర్థం. అలాంటి కారులో బాబునే కాదు, మీవారినీ తిరగనివ్వకండి. సీటు బెల్టు ఎంత కొత్తదైతేనేం, దాన్ని బిగించిన ఇనుమే తుప్పైతే అది దేన్ని పట్టుకుంటుంది? గడపలు కోసి కొత్తవి అతకడం చేయి తిరిగిన వెల్డరు పని. ఖర్చు కూడా మామూలుగా ఉండదు. అమ్మాలా ఉంచుకోవాలా అన్నది తేల్చుకోవాల్సింది దీన్ని బట్టే, ఇంజనును బట్టి కాదు. ఇంజను ఎప్పుడైనా విప్పి బిగించుకోవచ్చు.

ఆ తరువాత బ్రేకులు. ఇంగ్లండులో అమ్మిన ఆనాటి ఎం.జి.బి.లో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే ఆయిలు దారి. ఇప్పటి కార్లకైతే రెండు దారులుంటాయి, ఒకటి పోయినా రెండోది కాస్తుంది. దీనికి ఒక్క చోట కారితే మొత్తం పోయినట్టే, చేతి బ్రేకే దిక్కు. కాబట్టి బ్రేకు ఆయిలు డబ్బా ఎంతవరకు నిండి ఉందో వారం వారం చూడాలి. తగ్గుతోందంటే పైన పోసి ఊరుకోకూడదు, ఎక్కడికి పోతోందో వెతకాలి. ఆ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, మూత సరిగా పెట్టని ఉప్పు జాడీలాగా. అందుకే కారు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్ళకోసారి మార్పించాలి. కారు షికారు నుంచి రాగానే చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, తాకకుండా, కాస్త ఎడంగా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి వదలడం లేదని. చాలాసార్లు బ్రేకుకు వెళ్ళే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

పెట్రోలు గొట్టాలదీ అదే కథ. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన దేశంలో అది 20 శాతం దాకా వచ్చింది. పాతకాలపు రబ్బరుకు ఇథనాల్ పడదు. మెత్తబడుతుంది, చీలుతుంది. పెట్రోలు చుక్క వేడి సైలెన్సరు గొట్టం మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే కొత్త గొట్టాలు దొరుకుతాయి. కారు మొత్తం మీద ఇంత తక్కువ ఖర్చుతో ఇంత భయం తీరే పని ఇంకొకటి లేదు. అక్కడ 5 శాతం మించని సూపర్ రకం పెట్రోలు కూడా అమ్ముతారు, పాత కారుకు అదే పోయించండి. గరాజులో పెట్రోలు వాసన వస్తే "పాత కారు కదా, అంతే" అన్న జవాబు ఒప్పుకోకండి. మన వంటింట్లో గ్యాసు వాసన వస్తే ఊరుకుంటామా?

టైర్లకు తేదీ ఉంటుంది తెలుసా! పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 1412 అని ఉంటే 2012వ సంవత్సరం పద్నాలుగో వారంలో చేసినదని. ఇలాంటి కార్లు ఏడాదికి ఎన్నో మైళ్ళు తిరగవు కాబట్టి టైరు అరగదు, గీతలు కొత్తవిలా ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. పచ్చడి ప్యాకెట్టు మీద తేదీ చూసేవాళ్ళం, ఇది చూడలేమా?

ఇప్పుడు ఆగిపోవడం సంగతి. మీరు రాసినదాన్ని బట్టి, నలుగురు స్నేహితులూ నాలుగు మాటలంటున్నారు. ఒకరు కార్బ్యురేటరంటారు, ఇంకొకరు పెట్రోలు పంపంటారు, మూడో ఆయన వేడెక్కి పెట్రోలు ఆవిరైపోతోందంటారు. తలా ఒక స్క్రూ తిప్పి పోతారు. పదిమంది చేరితే పాము చావదని ఊరికే అన్నారా! పులుసులో నలుగురు నాలుగుసార్లు ఉప్పేస్తే ఎవరిది ఎక్కువైందో ఎలా తెలుస్తుంది? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చి నడిపి చూడాలి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి తేదీ, ఎన్ని మైళ్ళు పోయాక ఆగింది, ఎండా చలా, ఏం మార్చారు అన్నవి రాయించండి. పాలవాడి లెక్క రాసిన చేయి మీది, ఆ పుస్తకం మీరే ఉంచుకుంటే ఇంకా మంచిది.

అసలైన సాక్షి కారులోనే ఉంది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు స్టీరింగు వెనక ఉంటుంది. నడిపే ఆయన రోడ్డు చూసుకోవాలి, కాబట్టి మీరు పక్కన కూర్చుని ఆ ముల్లును చూడండి. కారు ఇంకా గేరులో దొర్లుతూ ఉండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే అది కరెంటు లోపం. కాయిలో, పాయింట్లో, కండెన్సరో, ఒక వదులు తీగో. అలా కాకుండా ముల్లు ఇంజనుతోపాటు మెల్లగా దిగితే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. ఆగిన క్షణంలో చూసిన ఈ ఒక్క సంగతి నాలుగు ఆదివారాల వాదాన్ని తేల్చేస్తుంది. వేడెక్కాక ఆగి, చల్లారాక బతికే జబ్బులో కండెన్సరు, కాయిలు పేర్లు తరచు వినిపిస్తాయి. కార్బ్యురేటరు జబ్బుల్లో చాలావాటికి మందు కరెంటు వైపే దొరుకుతుందని పాత మెకానిక్కులు నవ్వుతూ అంటారు.

పెట్రోలు వైపే అయితే చెవి పెట్టండి. తాళం తిప్పగానే, ఇంజను స్టార్టు చేయకముందు, వెనక చక్రం వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని పంపు కొట్టుకుని నెమ్మదించి ఆగాలి. అసలు చప్పుడే లేకపోతే పంపు పని చేయడం లేదు. ఎడతెగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో కారుతూనైనా ఉండాలి. ఇంకొక పైసా ఖర్చులేని పరీక్ష, కారు ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత తిప్పడం. ఉస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే కారు స్టార్టయితే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. మూతతో పోయేదానికి పంపు మార్పించినవాళ్ళు ఉంటారు.

కొత్త సామాను వేస్తే చాలు బాగైపోతుందనుకోవడం కూడా పొరపాటు. పాత కార్లకు ఇప్పుడు వచ్చే చవకరకం కండెన్సర్లు, రోటర్లు కొన్ని పాతవాటికంటే ముందే పోతాయి. బాగా పనిచేసిన పాతదాన్ని పారేయకుండా డబ్బాలో దాచమనండి. ఏ దుకాణం సరుకు నమ్మొచ్చో చెప్పేది క్లబ్బులవాళ్ళే. ఎం.జి. కార్‌ క్లబ్ 1930లో పుట్టింది, సొంతదార్ల క్లబ్ 1973లో. ఇలాంటి క్లబ్బులకు ఊళ్ళలో శాఖలుంటాయి. ఆ జబ్బులన్నీ ముందే పడి లేచినవాళ్ళు అక్కడ కనిపిస్తారు. మీవారి నలుగురు స్నేహితులు మంచివాళ్ళే కావచ్చు, కాని గడపలు కోసి అతికించిన అనుభవమున్న ఒక్క పెద్దాయన ఆ నలుగురి పెట్టు. మీరూ వెళ్ళండి ఓ సాయంత్రం. ఖర్చెంతవుతుందో ఆయన భార్యనడిగితే నిజం తెలుస్తుంది.

ఇక గరాజు మీ ఇంట్లో భాగం కాబట్టి అక్కడ మీ మాటే చెల్లాలి. రేడియేటరులో పోసే యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది, విషం. దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం చూస్తే ఆ క్షణమే తీయించండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. కింద ఇనుప స్టాండ్లు పెట్టాల్సిందే. గరాజు తలుపు మూసి ఇంజను నడపకూడదు, ఆ పొగలోని విషవాయువుకు వాసన లేదు. మీరు చెయ్యి సాయం చేసేటప్పుడు జడ ముడేసుకోండి, చున్నీ తీసేయండి, గాజులూ ఉంగరాలూ గొలుసూ తీసి లోపల పెట్టి రండి. ఈ కారులో బ్యాటరీలు సీట్ల వెనక మూత కింద ఉంటాయి, ఆరు వోల్టులవి రెండు. బ్యాటరీకీ బాడీకీ మధ్య గాజు తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చర్మంలోకి దిగుతుంది.

అన్నట్టు, ఎప్పుడో ఒకనాడు మీవారు వంటింట్లోకి వచ్చి గిన్నెలో నీళ్ళు మరిగించడం మొదలుపెడతారు. టీ కోసం కాదు, థర్మోస్టాట్ కోసం. అది దారంతో నీళ్ళలో వేలాడదీసి, 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందా లేదా అని చూస్తారు. పద్ధతి సరైనదే, ఆపకండి. పాత గిన్నె ఒకటి ముందే ఇచ్చి, దాన్ని గరాజుకు రాసిచ్చేయండి.

బాబు సంగతి అడిగారు. ఎం.ఓ.టి. అయ్యాక, గడపలు గట్టివని తేలాక, గొట్టాలూ టైర్లూ మార్చాక ఎక్కించండి. 12 ఏళ్ళు నిండేదాకా, లేదా ఎత్తు 135 సెంటీమీటర్లు అయ్యేదాకా పిల్లల సీటు ఉండాలని అక్కడి చట్టం. దానికి భుజం మీదుగా వచ్చే మూడు బిగింపుల బెల్టు కావాలి, నడుముకు మాత్రమే ఉన్నది చాలదు. మొదటిసారి దగ్గర్లోనే, ఎండ ఉన్న రోజున. చెవులు కప్పే టోపీ పెట్టండి, టాపు దించితే గాలి మామూలుగా కొట్టదు.

వచ్చేవారం ముక్కిపోతున్న గోధుమపిండి, పురుగు పట్టే కందిపప్పు గురించి వచ్చిన ఉత్తరాలు చూద్దాం.